నలభై ఒకటో ఫ్రేములో ఈల

రోహిణి ఎడమకాలు ఇక కుడికాలితో సమానంగా పెరగదేమో. పిల్ల జీవితాంతం కుంటుతుందేమో. ఎక్స్‌రే పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పటి నుంచి నన్ను వదలని భయం ఇదే. తొమ్మిదేళ్ళ పిల్లకు చీలమండ పైన, సరిగ్గా ఎముక పెరిగే చోట, వెంట్రుకంత చీలిక. మూడు వారాలు కట్టు ఉంచితే మామూలుగా అతుక్కుంటుందని డాక్టరు చెప్పాడు. చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

భయం వెనకే అనుమానం వచ్చింది. రోహిణి కాలు విరిగిన ఆ ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ కావాలనే ఈల ఆలస్యంగా ఊదారని.

నేను ఊరి పక్కన గమ్హరియాలో లోహాలు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తాను. ఉక్కు ముక్క ఎక్కడ, ఎందుకు విరిగిందో చెప్పడం నా పని. విరిగిన చోటును చూస్తే దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. ఫోనులో తీసిన వీడియోను కూడా అలాగే పరీక్షించాను. సెకనుకు ముప్పై ఫ్రేములు. మధ్యగీత దగ్గర సీతారాండేరా జట్టు పిల్ల మా రోహిణి చొక్కా పట్టి లాగింది. అది మొదటి ఫ్రేము అనుకుందాం. రోహిణి తూలింది కానీ పడలేదు, బంతితో ముందుకే పోయింది. ముప్పై నాలుగో ఫ్రేములో అదే పిల్ల వెనకనుంచి నేలమీద జారుతూ వచ్చి రోహిణి కాలిని తన్నింది. నలభై ఒకటో ఫ్రేములో ఈల వినిపించింది. చొక్కా లాగినప్పుడే ఊది ఉంటే రెండో దెబ్బ తగిలేదే కాదు. సెకనుకు పైనే. ఈల నోట్లో పెట్టుకోవడానికి అంతసేపా?

తన్నిన పిల్ల పేరు పద్మశ్రీ. రిఫరీ ముసలయ్య గారి మనవరాలు.

ఇక ముసలయ్య గారి చేతికి ఈల ఇవ్వకూడదని మైదానం కమిటీకి కాగితం రాశాను. వచ్చే ఆదివారం పొద్దున, మ్యాచ్‌కు ముందు, కమిటీ దాన్ని చదివి తేల్చాలి.

ముసలయ్య గారిని అంతకుముందు నుంచీ ఎరుగుదును. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఎనిమిదో ఏట టెక్కలి వైపు పల్లె నుంచి తండ్రి వెంట హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరొచ్చారు. తండ్రి కాంట్రాక్టు కూలీగా కొలిమి ఇటుకలు మోసేవాడు. ఈయన క్రేను కొక్కేనికి సరుకు తగిలించే ఖలాసీగా చేరి, తర్వాత క్రేను ఎక్కి, ముప్పై ఒక్క ఏళ్ళు షెడ్డు కప్పు కింద అద్దాల కేబిన్‌లో కూర్చున్నారు. పైనుంచి చూసేవాడికి మనుషుల ముఖాలు కనబడవు. హెల్మెట్లూ, భుజాలూ, నడకా కనబడతాయి. బజారులో ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెడితే, వాళ్ళు దాటిపోయి నాలుగడుగులు వేశాకే ఎవరో గుర్తుపట్టేవారని ఆయన భార్య చిలకమ్మ నవ్వుతుంది.

రిటైరయ్యాక కొన్నేళ్ళకు ఈల పట్టారు. ఆదివారం పొద్దున ఆరింటికి, పదేళ్ళలోపు ఆడపిల్లల ఆటకు రిఫరీగా రమ్మంటే ఇంకెవరూ రాలేదు. పద్మశ్రీ హిందీలో రూల్సు చదివి వినిపిస్తే నేర్చుకున్నారు. పాత సేఫ్టీ బూట్లతోనే మైదానమంతా పరిగెత్తుతారు. కంపెనీ గుర్తింపు కార్డు వేలాడిన పట్టీకే ఈల కట్టుకున్నారు. ఇవన్నీ ఒకప్పుడు నాకు ముచ్చటగా ఉండేవి. ఇప్పుడు ప్రతిదీ వేరేగా తోచింది. ఊరికే ఎవరైనా ఆరింటికి లేచి వస్తారా? మనవరాలి కోసం కాకపోతే?

మంగళవారం సాయంత్రం వీడియో పట్టుకుని అగ్రికో మార్కెట్ వెనక టీ కొట్టుకు వెళ్ళాను. అక్కడి బెంచీ మీద ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. వెల్డరు ఆదిబాబు, ఇంటింటికీ సరుకులు తెచ్చిచ్చే పింటూ అప్పటికే ఒకే ఫోనులోకి తలలు దూర్చి, మొన్నటి లీగ్ మ్యాచ్‌లో మా ఊరి జట్టు మీద ఇచ్చిన పెనాల్టీ గురించి కొట్టుకుంటున్నారు.

"బూటు అడుగు మోకాలికి తగల్లేదు. మనోడు బంతినే తన్నినాడు. ఇది పెనాల్టీ ఎలగవుద్దిరా?" అన్నాడు ఆదిబాబు.

"చాచా, పహలే ఘుట్నా లగా, ఫిర్ బాల్. చష్మా బదలో," అన్నాడు పింటూ. ముందు మోకాలికే తగిలిందని వాడి వాదన.

"నా కళ్ళజోడు జోలికి రాకు. వెల్డింగు అద్దంలోంచి ముప్పయ్యేళ్ళు సూసినోణ్ణి. ఆ రిఫరీది ఏ ఊరో కనుక్కో ముందు."

"హర్ బార్ రెఫరీ హీ చోర్?"

"ప్రతిసారీ రిఫరీ దొంగేటికిరా? మనం ఓడిపోయినప్పుడే."

నా ఫోను వాళ్ళ ముందు పెట్టాను. పిల్లల కాళ్ళు పెద్దగా కనబడేలా వీడియోను కత్తిరించి, వేగం తగ్గించి పెట్టుకున్నాను. ఆదిబాబు మూడుసార్లు చూశాడు.

"మనవరాలు కదమ్మా. రగతం ఈలకి అడ్డం పడిపోద్ది," అన్నాడు.

పింటూ కూడా ఒప్పుకున్నాడు. "లేట్ తో హై, ఆంటీ."

అయితే ఈ అనుమానం నాదొక్కదానిదే కాదు.

అంతలో కూరల సంచితో ముసలయ్య గారే వచ్చారు. బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. ఆయన సంచి కింద పెట్టి అందరినీ చూశారు.

"ఏటి, నానొచ్చీసరికి నోళ్ళు మూసీసినారు. నా గురించేనా?"

ఆదిబాబు టీ గ్లాసు అందుకున్నాడు. నేనే ఫోను అందించాను. ఆయన దాన్ని చేయిచాపినంత దూరంలో పట్టుకుని చూశారు.

"ఇంత మెల్లిగా సూత్తే అందరూ దొంగలే అమ్మా. మా క్రేను కొక్కెం కూడా కావాలని ఊగినట్టే ఉంటాది."

"మెల్లిగా చూడకపోతే నిజం ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"కాళ్ళు సూపించేవు. నా సెయ్యేదమ్మా?"

"చేతితో నాకేం పని? నేను ఈల గురించి అడుగుతున్నాను."

ఆయన ఫోను తిరిగిచ్చేశారు. "పిల్లకి నిద్దర పడతందా?"

"దానికి పడుతోంది. నాకే లేదు."

తల ఊపి, సంచి తీసుకుని వెళ్ళిపోయారు. ఆ నడకలో తొందర ఉందనిపించింది. తప్పు చేసినవాళ్ళే అలా పోతారనుకున్నాను.

ఇంటికి రాగానే కత్తిరించని అసలు వీడియో తీశాను. అందులో తెర అంచున ముసలయ్య గారు ఉన్నారు. తొమ్మిదో ఫ్రేముకల్లా ఆయన కుడిచెయ్యి పక్కకు చాపి ఉంది. అరచెయ్యి నేలవైపు. చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది. ఈల మాత్రం గుండెల మీదే వేలాడుతోంది. నోటికి చేరింది ముప్పై ఎనిమిదో ఫ్రేములో.

ఎవరికి ఆ సైగ? చెయ్యి ఉన్నది పద్మశ్రీ వైపు. అప్పటికప్పుడే రెండో కాగితం రాసి మొదటిదానికి కలిపాను. రిఫరీ తన మనవరాలికి సైగ చేశారని, వీడియోలో ఆధారం ఉందని.

ఆదివారం కమిటీ పెద్ద గౌరీదేవి గారు గోలు స్తంభం దగ్గర కుర్చీ వేసుకుని నా కాగితాలు తెరిచారు. ఆదిబాబు, పింటూ తమాషా చూడ్డానికి ముందే వచ్చారు. ముసలయ్య గారు రెండడుగుల దూరంలో నిలబడ్డారు. నేను ఈసారి మొత్తం వీడియో పెట్టాను. చెయ్యి చాపిన చోట ఆపాను.

ఆదిబాబు ముందుకు వంగాడు. తనకే తెలియకుండా అతని కుడిచెయ్యి కూడా పక్కకు చాచుకుని, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊగింది. ఆ చేతిని తనే చూసుకుని దించేశాడు.

"ఇది మనవరాలికి సైగ కాదమ్మా. మా షెడ్డులో ఆపు అనడానికి ఇలగే ఊపుతాం," అన్నాడు మెల్లిగా. "అక్కడ రొదలో అరుపూ వినబడదు, ఈలా వినబడదు. సెయ్యి సూసే క్రేను ఆపాల. తాత అప్పుడే ఆపీసినాడు. ఆట ఆగలేదు గానీ."

"మొన్న రక్తం అడ్డం పడిందన్నది మీరే కదా?" అన్నాను.

"మొన్న నువ్వు కాళ్ళే సూపించేవు."

ముసలయ్య గారు అప్పుడు నోరు విప్పారు. "కాగితం సరైందే, సదవండి. ఈల మెళ్ళోనే ఉన్నాది. సెయ్యి ముందెల్లిపోనాది. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ సెయ్యి సూసే ఆగినాను, ఖలాసీగా ఉన్నప్పుడు ఆ సెయ్యే ఊపినాను. పిల్లలు ఆగలేదని తెలిసి ఈల అందుకునేసరికి మా పద్మ జారీసింది. ఆలీసం నాదే."

"ఆ రోజే ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నీ ఫోనులో ఉన్నాది, సూసే ఉంటావనుకున్నాను. సూడలేదని తెలిసినాక సెప్పడానికి బయమేసింది. మనవరాల కోసం కత అల్లుతున్నాడంటారు."

నేను కూడా అదే అనేదాన్ని. నిజానికి అప్పటికీ సగమే నమ్మాను. ఒక్క ముక్కను పరీక్షించి మొత్తం ఉక్కు గురించి చెప్పకూడదని మా ల్యాబులో మొదట నేర్పే పాఠం. పాత ఆదివారాల వీడియోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగాను. పింటూ ఫోనులో ఆరు దొరికాయి. అక్కడే, గడ్డిలో కూర్చుని, చూశాను. నాలుగింటిలో చెయ్యి ముందు లేచింది, ఈల తర్వాత మోగింది. ఒకదానిలో కిందపడిన పిల్ల పద్మశ్రీయే. తన మనవరాలు నేలమీద ఉన్నప్పుడు కూడా ఆయన చెయ్యే ముందు కదిలింది.

"కాగితం ఉంచమంటావా, చింపమంటావా?" అని గౌరీదేవి గారు అడిగారు.

పెన్ను అడిగి తీసుకున్నాను. రెండో కాగితం మొత్తం కొట్టేశాను. మొదటిదానిలో 'కావాలనే' అన్న మాట కొట్టేశాను. 'ఆలస్యంగా' అన్నది అలాగే ఉంచాను.

అది చదివించుకుని విని, ముసలయ్య గారు మెడలోంచి పట్టీ తీసి ఈలను నా చేతిలో పెట్టారు.

"నాకెందుకు బాబాయ్?"

"క్రేను ఎత్తాలంటే కింద ఒక్కడి సెయ్యే సూడాల. నలుగురి మాట ఇంటే సరుకు జారిపోద్ది. ఆపడానికి అలగ కాదు. ఊడ్సుకునే మనిషి సెయ్యెత్తినా ఆపీయాల, ఎందుకని అడక్కూడదు. ఇక్కడా అలగే సేద్దాం. తప్పా కాదా అన్నది నాను సెప్తాను. ఆపడం మాత్రం అంచు గీత మీద నిలబడ్డోలు ఎవులైనా ఆపొచ్చు. నా సెయ్యికి ఇంకా బుద్ధి రాలేదు. ఒకలు తోడుండాల."

గౌరీదేవి గారు సరేనన్నారు. ముసలయ్య గారికి వేరే ఈల తెప్పించారు.

కట్టు తీసి ఇప్పటికి నాలుగు నెలలు. రోహిణి మళ్ళీ ఆడుతోంది. ప్రతి నెలా మొదటి తారీఖున టేపుతో రెండు కాళ్ళూ కొలుస్తాను, అది విసుక్కుంటుంది. ఇంతవరకూ తేడా రాలేదు. ఆదివారాలు ఆ పాత పట్టీ మెడలో వేసుకుని గీత మీద నిలబడతాను.

మొదటి రోజు మూడుసార్లు ఊదాను. రెండుసార్లు అసలేమీ జరగలేదు. "ఆంటీ, హవా చలీ క్యా?" అని పింటూ అరిచాడు. గాలి వీచిందని ఆట ఆపానట. పిల్లలు కూడా విసుక్కున్నారు. ఆట పాడుచేస్తున్నానేమోనని మ్యాచ్ అయ్యాక ముసలయ్య గారి దగ్గరికి వెళ్ళి ఈల తిరిగివ్వబోయాను. ఆయన తీసుకోలేదు. గడ్డిలో కూర్చుని బూటు లేసు విప్పుకుంటూ చెప్పిన మాట ఇది. ఇప్పుడు మైదానంలోనే కాదు, రోహిణి మోచేతి మీద గీరుకున్న గుర్తుతో బడి నుంచి వచ్చిన రోజు కూడా దాన్నే పాటిస్తున్నాను.

"ఆపడానికి అనుమానం సాలమ్మా. ఒకల మీద తప్పెట్టడానికి సాలదు. అప్పుడు మాత్రం మొత్తం సూడు."