ఎలుకకు తల దువ్విన పెళ్లికొడుకు

నాకు సంబంధాలు చూస్తున్న ఆ రోజుల్లో నా ఉద్యోగం మా నాన్న నోట్లో పూటకో వేషం వేసేది. గోపాలపట్నం బజారులో ఎవరడిగినా 'పోర్టు దగ్గర హెల్త్ ఆఫీసరు' అనేవాడు. ఎదుటివాడు కాస్త అమాయకంగా కనిపిస్తే 'దగ్గరదగ్గర డాక్టరే' అని కూడా కలిపేవాడు. నిజానికి నేను చేసేది ఎలుకలు పట్టడం. ఓడల్లో సరుకుతో పాటు ఎలుకలూ దిగుతాయి. వాటి ఒంటిమీద పేలలాంటి పురుగులుంటాయి. ప్లేగు లాంటి జబ్బు ఊళ్లోకి రావాలంటే ముందు వాటిలోనే మకాం వేస్తుంది. మనుషులకు జ్వరం రాకముందే ఆ కబురు ఎలుకల దగ్గర తెలుసుకోవాలన్నది మా చిన్న ఆఫీసు ఆలోచన. అందుకని వన్ టౌన్ గిడ్డంగుల్లో బోనులు పెట్టి, పడ్డ ఎలుకకు మత్తిచ్చి, తెల్లటి పళ్లెంలో పడుకోబెట్టి, సన్న దువ్వెనతో ఒళ్లంతా దువ్వి, రాలిన పురుగుల్ని సీసాలో వేసి, చుక్క రక్తం తీసి ల్యాబుకు పంపేవాళ్లం. (బోనులో ఎర పకోడీ. అందులో ఎలుకలకు ఎంత దక్కేదో, మాకు ఎంత దక్కేదో ఇప్పుడు చెప్పడం మర్యాద కాదు.) ల్యాబు నుంచి ఫలితం వచ్చిన ప్రతిసారీ మా పెద్ద సారు గుమ్మంలో నిలబడి, మనవరాలు పుట్టినంత సంబరంగా 'ఏమీ లేదు' అని ప్రకటించేవారు. ఆయన్ని మేం చాటున 'ఏమీలేదు సారు' అనుకునేవాళ్లం. ఏమీ దొరకనందుకు అంత ఆనందపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రికి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు (పకోడీ సహించింది). అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఎలుకల మాట వినగానే గుమ్మం దిగి వెళ్లిపోయాయి కాబట్టి, ఈసారి మూడు ముళ్లూ పడేదాకా వాటి ఊసెత్తనని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

పెళ్లిచూపుల ముందురోజు, ఆఫీసులో చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కుతో, పందికొక్కంత ఎలుకను ముందేసుకుని దువ్వుతున్నాను. కిటికీ దగ్గర ఒక కుర్రాడు ఆగాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావు?"

మరో ఊళ్లో అయితే ముక్కూ మొహం తెలియనివాడు బావా అంటే అనుమానం వచ్చేది. మా విశాఖలో ఆటో ఎక్కినా బావే, టీ కొట్టు దగ్గరా బావే.

"తల దువ్వుతన్నాను బావా, కనబడట్లేదేటి," అన్నాను.

అతను ఫోను పైకెత్తాడు. నా పని మీద అంత ఆసక్తి చూపిన మొదటి మనిషి అతనే. ఆ ఉబ్బులో మోచేత్తో మాస్కు కిందికి నెట్టి, ఎలుక మొహం కెమెరావైపు తిప్పి, పళ్లన్నీ కనబడేలా నవ్వాను. అతను పిల్ల తమ్ముడనీ, నా ఉద్యోగమేమిటో చూసి రమ్మని ఇంట్లోవాళ్లు పంపారనీ తర్వాత తెలిసింది.

సాయంత్రానికి ఆ వీడియో వాళ్ల బంధువుల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, మా పెద్దమ్మ ఫోను మీదుగా మా ఇంటికే వచ్చింది. నాన్న దాన్ని సాంతం చూశాడు. "దువ్వితే దువ్వినావు. ఆ మాస్కు తియ్యకపోతే నువ్వని ఎవడికి తెలుసురా," అన్నాడు. సంబంధం గోవిందా అనుకున్నాం. ఎందుకో గాని, రావద్దనే కబురు మాత్రం రాలేదు. సరే, పరువు ఎలాగూ పోయింది, టిఫినైనా తిని వద్దామని బయల్దేరాం.

పిల్ల తల్లి కాఫీ గ్లాసును నాకు అందేంత దూరంలో, తనకు నేను తగలనంత దూరంలో పెట్టింది. "సేతులు కడుక్కున్నావా బాబూ?" అంది. స్నానం కూడా చేశానండి అన్నాను. ఆమె మొహం చూస్తే ఒక్క స్నానం చాలినట్టు లేదు. పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్లనించి ఎలకల్ని పడతన్నావు గదా, ఏటి దొరికింది?"

నాన్న నా కాలు తొక్కాడు. అయినా అబద్ధం నోటికి రాలేదు. "ఏమీ లేదండి," అన్నాను.

"ఏటీ దొరకనిదానికి ఉజ్జోగమేటి?" అంది తల్లి.

పిల్ల తండ్రి ఆవిడ వైపు తిరిగాడు. "అలగనకు. గ్యాస్ లీకైతే కూసే పెట్టె ఒకటుంది నాను పనిసేసే కాడ. నాను సేరినకాడినించి ఒక్కపాలీ కుయ్యలేదు. కుయ్యలేదని పీకి పారేత్తామేటి? రోజూ తుడుత్తన్నాం. ఆడి ఎలకా అలాటిదే," అన్నాడు. ఆయన కాళ్లమీద పడాలనిపించింది గానీ, పక్కన కాఫీ గ్లాసుంది.

అంతదాకా తల వంచుకు కూర్చున్న పిల్ల అప్పుడు నోరు విప్పింది. "ఆ ఎలకకి నొప్పెట్టదా?"

"మత్తులో ఉంటుందండి, తెలియదు."

"తెలీనప్పుడు అంత మెల్లగా దువ్వడమెందుకు?"

"ఏమోనండి, చెయ్యి అలాగే వెళ్తుంది," అన్నాను. ఆమె మళ్లీ తల వంచుకుంది. ఇదీ పోయిందనుకుని, నాన్నా నేనూ ఇంటికొచ్చేశాం. మర్నాడు సరేనని కబురొచ్చింది.

ఎందుకు ఒప్పుకుందో పెళ్లయ్యాక గాని చెప్పలేదు. "మా యమ్మ దువ్విందంటే కళ్లమ్మట నీళ్లొచ్చేసేవి. ఎలకకే అంత నెమ్మదిగా దువ్వినోడు మనిసిని ఏడిపిత్తాడేటి అనుకున్నాను," అంది. మా వాళ్లు చూసిన జాతకాలన్నీ ఒక ఎత్తు, ఆ దువ్వెన ఒక ఎత్తు.

ఇప్పుడు మా పాపకు బడిలో పేలు పట్టినప్పుడల్లా ఆ పని నాదే. మొన్న ఆదివారం తెల్లటి తువ్వాలు పరిచి, పాపను ముందు కూర్చోబెట్టుకుని దువ్వుతుంటే, "ఏటి దొరికింది?" అని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది. దువ్వెనను వెలుతురుకు పెట్టి చూశాను. "ఏమీ లేదు," అన్నాను. ఆ గొంతు నాది కాదు, అచ్చం ఏమీలేదు సారుది. ఆయనకు అంత సంబరం ఎందుకో అప్పుడు తెలిసింది. నాది ఒక్క పిల్ల తల. ఆయన ఊరందరి పిల్లల తలలూ తలచుకుని ఆ మాట అనేవారు.

పాప ఎప్పటిలాగే ఆ పాత వీడియో పెట్టించుకుని చూసింది. అందులో నా తలమీద ఎలుకను మించిన జుట్టుంది. "నాన్నా, ఇప్పుడు నీకు దువ్వుతాను," అంటూ దువ్వెన అందుకుని నా వెనక్కి వచ్చింది. దువ్వెన ఎక్కడ ఆనించాలా అని అటూ ఇటూ వెతికింది. తర్వాత అరచేత్తో నా తల ఒకసారి నిమిరి, దువ్వెనను మెల్లగా నా ఒళ్లో పెట్టేసింది.