గొంతు మైకుల పరీక్షకు రాయదుర్గం గుట్టల్లోకి

నేను పిరికిదాన్ని. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత రాసేదంతా సులువవుతుంది. గుంతకల్లు స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక పద్నాలుగేళ్లుగా కూర్చుంటున్న మనిషిని. నలభై దాటాక పెయింట్‌బాల్ ఆడే జట్టులో చేరానంటే కారణం నా తమ్ముడు మల్లి. వాడు లోకో షెడ్డులో ఫిట్టర్. రైల్వే ఉద్యోగులం ఆరుగురం కలిసి రెండు నెలలకోసారి సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న ఒక మైదానానికి పోయి, ముఖాలకు మాస్కులు కట్టుకుని, గాలి తుపాకులతో రంగు గోళీలు కొట్టుకుని వస్తాం. పోయినసారి ఘోరంగా ఓడిపోయాం. మాస్కులోంచి మాట బయటికి రాదు, వచ్చిన కాస్తా మా జిల్లా గాలి ఎత్తుకుపోతుంది. ఎడమ పక్కనుంచి ఇద్దరు వస్తున్నారని నేను గొంతు చించుకున్నా మల్లికి వినపడలేదు. వీపంతా నీలం రంగుతో తిరిగొచ్చి, ఇక రేడియోలు లేకుండా ఆడేది లేదన్నాడు.

నోటి ముందుండే మైకు మాస్కులో ఇమడదు, ఇమిడినా ఊపిరి హోరు తప్ప ఏమీ వినిపించదు. అందుకే గొంతు మైకులు. మెడకు పట్టీలాగా కట్టుకుంటే, గొంతుముడి పక్కన ఆనుకునే చిన్న బిళ్లలు మాటను గాలిలోంచి కాక గొంతు అదురులోంచే పట్టుకుంటాయి. అవతలివాళ్ల మాట మన చెవిలో గొట్టంలోంచి వస్తుంది, పక్కవాళ్లకు వినపడదు. ఆన్‌లైన్లో మూడు రకాలు ఒక్కోటి తెప్పించాం, ఏడు వందల నుంచి రెండు వేల రెండు వందల దాకా. ఒకటి ఒంటి బిళ్లది. రెండోది రెండు బిళ్లలది, గొంతు కదలగానే తనంతట తానే రేడియోను తెరిచేస్తుంది. మూడోదీ రెండు బిళ్లలదే, కానీ వేలికి తొడుక్కునే బటన్ నొక్కితేనే మాట పోతుంది. రేడియోలు మాత్రం లైసెన్సు అక్కర్లేని చిన్న రకానివే తీసుకున్నాం, మీరూ ఆ సంగతి చూసుకునే కొనండి.

పరీక్షకు రాయదుర్గం ఎంచుకున్నది మల్లి. వాడితో ఐటీఐ చదివిన ఇంతియాజ్‌కు అక్కడ జీన్స్ కుట్టే యూనిట్ ఉంది. మోత కావాలంటే కుట్టు మిషన్లున్నాయి, గాలి కావాలంటే ఊరి బయట గుట్టలున్నాయి. అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున ఏడుంబావు బస్సెక్కాం. ఉరవకొండ మీదుగా రెండున్నర గంటలు, మనిషికి వంద పైచిలుకు టికెట్టు. ఉరవకొండలో బస్సు ఆగిన పది నిమిషాల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మల్లి బస్సులోనే పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. బజ్జీలు వేసే ఆవిడ వాడి మెడ చూసి, "ఏమ్మా, ఆయప్ప మెడకేమైంది, గడ్డ లేసిందా?" అని నన్నడిగింది. మాట్లాడుకోవడానికి పెట్టుకున్న మైకని చెప్తే, ఎదురెదురుగా కూర్చుని దానికింత తతంగమెందుకని తిరిగి మమ్మల్నే అడిగింది.

ఇంతియాజ్ యూనిట్లో నలభై మిషన్లు ఒక్కసారే తిరుగుతుంటే మన మాట మనకే వినపడదు. ఒంటి బిళ్లది అక్కడే ఓడిపోయింది, తల తిప్పినప్పుడల్లా బరబరమంది. మిగతా రెండూ బాగా పలికాయి. వాటిలో నాకు నచ్చింది తనంతట తెరుచుకునేది. తుపాకీ పట్టుకున్న చేతులతో బటన్ ఎక్కడ వెతుక్కుంటామని నా వాదన. పట్టీ మాత్రం నాకు భయం పుట్టించింది. బిగిస్తేనే పని చేస్తుంది, బిగిస్తే ఎవరో వెనకనుంచి గొంతు పట్టుకున్నట్టుంటుంది. ఇంతియాజ్ నా అవస్థ చూసి, కొక్కేలు తీసేసి, లాగితే ఊడొచ్చే అంటుడు పట్టీ కుట్టిచ్చాడు. కంపకు తగులుకున్నా మెడ బిగుసుకోదన్నాడు. డబ్బులు తీసుకోలేదు, బిర్యానీ కూడా తనే పెట్టించాడు. సోమవారానికి సరుకు పంపాల్సి ఉండటంతో గుట్టకు మాత్రం రాలేనన్నాడు.

నాలుగింటికి ఆటో మాట్లాడుకున్నాం. పోనూ రానూ, గంట సేపు ఆగడానికీ కలిపి నాలుగు వందలు. డ్రైవరు ఓబులేసన్నకు యాభై ఏళ్లుంటాయి. గుట్ట పేరు వినగానే బండి తీయకుండా నా వైపు తిరిగాడు. "సీతాఫలాలు పండిండాయక్కా. ఎలుగొడ్లు దిగుతాండాయి. ఎండ ఎర్రబడకముందే దిగొచ్చేయల్ల," అన్నాడు. వెనక్కి పోదామంటే మల్లి నవ్వుతాడు. గంటలో అయిపోతుందిలే అనుకుని కూర్చున్నాను. దారి పొడవునా ప్రతి నల్ల బండా నాకు ఒక్క క్షణం కదిలినట్టే కనిపించింది.

గుట్ట అంటే ఒకదాని మీద ఒకటి పడి ఉన్న బండలు, మధ్య మధ్య సీతాఫలం చెట్లు. గాలికి నా చున్నీ నిలవలేదు. మొదట మల్లి రెండు వందల అడుగులు పైకెక్కి మాట్లాడాడు, పక్కనున్నట్టే వినిపించింది. తర్వాతి పరీక్ష, బండలు అడ్డముంటే సిగ్నల్ అందుతుందా అని. రెండు పెద్ద బండల మధ్య మనిషి పక్కకు తిరిగి దూరగలిగే సందు ఉంది. దాన్ని దాటి అవతలికి పోయి మాట్లాడాలి. ఆ వంతు నాది. నేను సందు దాకా పోయాను. లోపల చీకటి, ముగ్గిన పండ్ల వాసన. అక్కడినుంచే తిరిగొచ్చి, మోకాలు పట్టేసిందని తమ్ముడితో అబద్ధం చెప్పాను. వాడు నా మోకాలు చూశాడు, ముఖం చూశాడు. సరే అక్కా, నువ్వు ఆటో దగ్గరుండు అని బటన్ మైకు తగిలించుకుని, తనంతట తెరుచుకునేది నా మెడకే ఉంచి, తనే పోయాడు.

ఐదుంబావుకు నా రేడియోలో పచ్చ దీపం వెలిగింది. మల్లి బటన్ నొక్కాడన్నమాట. మాట రాలేదు. గుటక మింగిన చప్పుడొకటి వచ్చింది, అంతే. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాను. మళ్లీ పచ్చ దీపం, మళ్లీ గుటక. నన్ను భయపెట్టడానికి ఆడుతున్నాడనుకుని తిట్టాను కూడా. మూడోసారి గుటక తర్వాత ఊపిరి వణకడం వినిపించింది. వాడు ఆడటం లేదు. మాట్లాడుతున్నాడు, నాకే అందడం లేదు. నా మెడ మీద వేలు పెట్టుకుని గుసగుసగా వాడి పేరు పలికి చూశాను. గొంతు అదరలేదు. గుసగుసలో గొంతుకు పని లేదు, అంతా ఊపిరే. ఆ మైకు వచ్చిన పెట్టె మీద మాత్రం గుసగుస కూడా స్పష్టంగా పోతుందని రాశారు. నలభై మిషన్ల మోతలో గుసగుసలాడి చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు.

ఓబులేసన్నను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి మైకులో చెప్పాను. "మల్లీ, గుసగుస నాకు రావడంలేదు. నోరు మూసుకుని గొంతులోనే ఊ అను. అవునంటే ఒకసారి. కాదంటే రెండుసార్లు."

ఒక ఊ వచ్చింది. దెబ్బ తగిలిందా అన్నాను. రెండు. పామా అన్నాను. రెండు. ఎలుగు సంగతి అడగమని ఓబులేసన్న సైగ చేశాడు. ఎలుగుబంటా అన్నాను. ఒకటి. పిల్లలున్నాయా అని అతను అడిగించాడు. ఒకటి. అది విని ఓబులేసన్న నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నేను అరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అరవగూడదక్కా, అరిస్తే బెదిరి ఆయప్ప మీదికే దూకుతాది. దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి ఆయప్ప మొగానికి కొడతాండాదేమో అడుగు."

అడిగితే ఒక ఊ వచ్చింది, ముఖానికే కొడుతోంది. అయితే వాసన అందదు, వీపు తిప్పకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ సందులోకి రమ్మని చెప్పమన్నాడు ఓబులేసన్న. పరిగెత్తొద్దు, దాని కళ్లలోకి చూడొద్దు. నేను అదే మాట మల్లి చెవిలో చెప్పాను. అడుగుకొక ఊ అనమన్నాను. ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆరు దాకా లెక్కపెట్టేసరికి నాకు ఏడుపు మొదలైంది. తర్వాత ఊలు ఆగిపోయాయి.

నిమిషం గడిచింది. రెండు. గాలి తప్ప ఏమీ లేదు. నేను పోవాల్సిన చోట వాడున్నాడు. ఇంట్లో వాడి భార్యకు ఏం చెప్పాలి, మోకాలు నొప్పి అని చెప్పాలా? చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చప్పుడు రాకూడదని వెక్కిళ్లు గొంతులోనే ఆపుకుంటున్నాను. అప్పుడు ఓబులేసన్న నా నడుముకున్న రేడియో వైపు వేలు చూపించాడు.

"అక్కా, నీదాండ్ల ఎర్రదీపం ఆరకుండా ఎలగతాండాదే."

ఎర్రదీపం వెలుగుతోందంటే నా మాట పోతోందని అర్థం. నా మాట పోతున్నంత సేపూ అవతలి మాట రాదు. నా వెక్కిళ్లను మాటలనుకుని ఆ మైకు దారి తెరిచి పెట్టింది. నాకు అంత నచ్చిన మైకే నా ఏడుపును తమ్ముడి చెవిలో పోస్తూ, వాడి గొంతు నాకు చేరకుండా అడ్డుకుంది. పట్టీ పట్టుకుని లాగేశాను, ఇంతియాజ్ కుట్టిన పట్టీ ఊడి చేతికొచ్చింది, గొట్టం చెవిలోనే ఉంది. ఎర్రదీపం ఆరింది, పచ్చది వెలిగింది. ఊ. కాసేపటికి మళ్లీ ఊ. వాడు ఆపనే లేదు.

సందులోంచి మొదట వాడి వీపు బయటికొచ్చింది. అలాగే వెనక్కి నడుస్తూ ఆటో దాకా వచ్చాడు. ఓబులేసన్న బండిని స్టార్ట్ చేయకుండా వాలులో పావు కిలోమీటరు జారనిచ్చాడు. మెయిన్ రోడ్డెక్కాక మల్లి చెప్పాడు. తల్లి పండ్లు తింటూ తన వైపు చూడనే లేదట. ఒక పిల్ల మాత్రం సందు దగ్గరికి వచ్చి నిలబడిందట. నా ఏడుపు మొత్తం వాడికి వినిపించిందట.

నేనిక దాచలేకపోయాను. మోకాలికేమీ కాలేదురా, భయమేసి నిన్ను పంపినానని చెప్పాను.

"తెలుసక్కా," అన్నాడు. "అందుకే కదా పోయినాను."

ఆరుముప్పావు బస్సుకు తిరిగొచ్చాం, ఆ వారంలోనే బటన్ రకం ఆరు కొన్నాం. తనంతట తెరుచుకునే మైకు సదుపాయంగానే ఉంటుంది, మనిషి ధైర్యంగా ఉన్నంత సేపు. భయపడ్డవాళ్లకు మాట్లాడటం కన్నా వినడం ముఖ్యమని, అది మన చేతిలో ఉండాలంటే బటన్ ఉండాలని నాకు ఆ గుట్ట కింద తెలిసింది. నా భయం పోయిందని మాత్రం రాయలేను. అది అలాగే ఉంది. పోయినదల్లా దానికి మోకాలి నొప్పి అని పేరు పెట్టే అలవాటు.

మీరూ గొంతు మైకులు కొనబోతుంటే నేనిచ్చే సలహా ఒకటే. గుసగుసను నమ్ముకోకుండా, నోరు మూసుకుని గొంతులో ఊ అని పరీక్షించండి, అవునుకు ఒకటి, కాదుకు రెండు అని ముందే అనుకోండి. ఆ పరీక్షలో మీ వంతు వచ్చినప్పుడు మీరే పోండి, పోలేకపోతే భయమేస్తోందని చెప్పి అందరూ కలిసి వెనక్కి తిరగండి.