ప్లగిన్‌లో ఇచ్చిన రాష్ట్రం

వెబ్‌సైట్లలో అడ్మిషన్ ఫారం పెట్టుకోవడానికి నేనొక ప్లగిన్ రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాను. అందులో రాష్ట్రాల లిస్టు ఉంటుంది. ఎల్బీనగర్‌లో మా ఇంటి ఓనర్ యాదగిరన్న దిల్‌సుఖ్‌నగర్‌లో నడిపే కోచింగ్ సెంటర్‌కీ అదే ఫారం. ఇవాళ బంద్ కావడంతో ఆయన తీరిగ్గా వచ్చి కూర్చున్నారు.

“లిస్టుల తెలంగాణ లేదేంది తమ్మీ? పెట్టు.”

“బిల్లు పార్లమెంటులో పాసవ్వాలి కదన్నా.”

“గా పార్లమెంటుతోటి మనకేం పని? గిది ఓపెన్ సోర్స్, ఎవలైనా మార్చుకోవచ్చు అంటివి కద.”

కిరాయికున్నవాణ్ణి, పెట్టేశాను. మధ్యాహ్నానికల్లా సెంటర్‌లో ఆయన పార్టనర్, గుంటూరు సుబ్బారావు గారు ఫోన్ చేశారు. “ఏవండీ, రాష్ట్రాన్ని మీరే విడగొట్టేశారా?”

లిస్టు మొత్తం తీసేసి, ఎవరి రాష్ట్రం వాళ్లే రాసుకునేలా ఖాళీ పెట్టె పెట్టాను. వచ్చింది పోయిందని ఈయనా, ఉన్నది పోయిందని ఆయనా అలిగారు. సాయంత్రం ఎక్కడో విదేశంలో ఈ ప్లగిన్ వాడుతున్నాయన మాత్రం రాశాడు: “థాంక్స్. మా దేశంలోనూ ఇదే గొడవ.”

ఆ పెట్టెలో మీరైతే ఏం రాస్తారో కింద చెప్పండి. మొహమాటం వద్దు, ఈ పోస్టు ఓనర్‌కీ పార్టనర్‌కీ ఇద్దరికీ కనబడకుండా పెట్టాను. నాకు చేతనైన సమన్యాయం ఇంతే.