జనగామలో ఒక సముద్రం, మా నాగభూషణం బావ

పోయిన వారం మంగళవారం తెల్లవారుతుండగా జనగామ నుంచి మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేస్తలేడురా" అన్నది. మానుకోటలో ఉన్న నా చేతిలోని చాయ గ్లాసు ఏమైందో నాకిప్పటికీ తెలియదు. ముందురోజు సాయంత్రమే నన్ను పావుగంట సేపు ఆపకుండా తిట్టిన మనిషి నిద్రలోనే దివంగతుడయ్యాడంటే విశ్వసించడం ఎట్లా? మా నాగభూషణం బావ నిష్క్రమణతో ఎరువుల వర్తకలోకం ఒక ధ్రువతారను పోగొట్టుకుంది. పత్తి రైతాంగం ఒక సత్యవాక్కును పోగొట్టుకుంది. హిందూ మహాసముద్రం తన ఏకైక జనగామ శాఖకు అధిపతిని పోగొట్టుకుంది.

చివరి వాక్యం అతిశయోక్తి అనుకోవద్దు. బావ గురించి బామ్మర్ది రాసే వ్యాసంలో అతిశయోక్తి ధర్మబద్ధమే గానీ, ఈ శాఖ మాత్రం నిజం. బావ ఎరువుల దుకాణానికి ఆనుకొని, మందుల వాసన చొరకుండా నాలుగు పొరల తలుపులతో కట్టించిన గది ఉంది. అందులో పట్టెమంచమంత గాజుతొట్టి. తొట్టినిండా ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో రంగురంగుల చేపలు, ప్రాణమున్న పగడాలు. పగడమంటే ఉంగరంలోని ఎర్రరాయి కాదు. రాయిలా కూర్చొని, పువ్వులా విచ్చుకుంటూ, తిని పెరిగే జీవి. హైదరాబాదులో చుట్టాల పెండ్లికి పోయి, ఆ ఇంటి హాల్లో అటువంటి తొట్టిని చూసి బావ సమ్మోహితుడయ్యాడు. అక్కడ పెండ్లి జరుగుతున్నదన్న సంగతి ఆయన గమనించనే లేదు. పెండ్లికొడుకు పేరేమిటని అక్క అడిగితే చేప రంగు చెప్పాడు.

బావ దుకాణంలో ఘనంగా అమ్ముడుపోయే సరుకు పత్తి టానిక్. పైరుకు బలమని చెప్పి రైతులకు ఇచ్చే బుడ్డీలు అవి. తన సముద్రానికీ ఆయన అదే శాస్త్రం వర్తింపజేశాడు. విటమిన్ చుక్కలు, వెల్లుల్లి రసం, పగడాల పుష్టికని గులాబీ రంగు ద్రవం, ఇంకా పేరు పలకరాని పది బుడ్డీలు రోజూ తొట్టిలో పడేవి. తీర్థం కూడా అంత నిష్ఠగా పుచ్చుకోగా నేను చూడలేదు. పైగా ఆ తొట్టే టానిక్‌కు సజీవమైన ప్రకటన. పాలకుర్తి దిక్కు నుంచి వచ్చే యాకయ్య అనే చిన్నరైతును గదిలోకి తీసుకుపోయి, "చూడు యాకయ్యా, బుడ్డీ పోస్తే రాయి పెరుగుతున్నది. రాయే పెరిగినంక నీ పత్తి పెరుగదా?" అనేవాడు. ఆ మాట నమ్మి యాకయ్య ప్రతి పంటకూ టానిక్ తీసుకుపోయేవాడు. బావ అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాడు. ఆయన సంపాదించుకున్న ఆస్తి మొత్తం ఆ నమ్మకమే.

ఇన్ని బుడ్డీలు ఎందుకు అవసరమయ్యాయో చెప్పాలి. మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. ఆ చేపలూ పగడాలూ పుట్టుకతోనే మాంసాహారులు. "గీ ఇంట్లకు రొయ్య వచ్చిందంటే నేను మా తమ్మునింటికి పోత" అని అక్క శాసనం చేసింది. ఆ శాసనానికి బావకన్నా నేనే ఎక్కువ వణికాను. కాబట్టి సముద్రజీవులు ఎండు పొడి తిని, పైన టానిక్ తాగి, మా ఆచారం పాటిస్తూ బతికాయి. చేపలు మెల్లగా వెలిసిపోయాయి. గాజు మీద మాత్రం ఆకుపచ్చని పాకుడు మహావైభవంగా పెరిగింది. "బలం ఎక్కువైంది" అని బావ దాన్ని కూడా గర్వంగా చూపేవాడు.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, ఊరూరా బస్సులు ఆగాయి, హైదరాబాదు నుంచి బావ బుడ్డీలూ ఆగిపోయాయి. బావ పొద్దున రోడ్డు మీద వంటావార్పులో పులిహోర వడ్డించి, "బొగ్గు గిట్లనే బంద్ పెట్టుండ్రి" అని గొంతు చించుకునేవాడు. మధ్యాహ్నం కరెంటు పోగానే ఉరికొచ్చి, తొట్టిలో నీళ్లు కదలడం ఆగకుండా పులిహోర గరిటెతోనే సముద్రాన్ని కలిపేవాడు. క్షీరసాగర మథనానికి దేవతలూ రాక్షసులూ అందరూ కావలసి వచ్చింది. ఇక్కడ ఒక్కడే వైశ్యుడు.

వారం తిరగకముందే పొడి కూడా అయిపోయింది. యాకయ్య తమ చెరువులో పట్టిన రొయ్యలు తెచ్చి, సన్నగా తరిగి ఇస్తానన్నాడు. అక్క రెండు రోజులు మౌనవ్రతం పట్టి, చివరికి, "ఇంటి గడప దాటొద్దు. వీధి తలుపు నుంచి తేవాలె, కత్తి వేరే ఉండాలె, నాకు కనబడొద్దు" అని రాజీకి వచ్చింది. నెల తిరిగేసరికి పసుపు చేప నిమ్మపండులా మెరిసింది. ముడుచుకున్న పగడాలు అరచేతుల్లా విచ్చుకున్నాయి. పాకుడు పలుచబడింది.

నేను ఊరుకుంటానా? "బావా, తిండి మార్చినవ్, బుడ్డీ బంద్ చేసినవ్, రెండూ ఒక్కసారే. దేనితోని బాగైందో ఎట్ల తెలుస్తది?" అని గిల్లాను.

"సదువుకున్నోనివి, గిన్ని దినాలకు ఒక అక్కెరకొచ్చే మాట అన్నవ్" అన్నాడు. సమ్మె ముగిసి బుడ్డీలు రాగానే, రొయ్యలు పెడుతూనే మళ్లీ అన్నీ పోశాడు. నెల గడిచింది. పగడాలు అదనంగా గోరంతైనా పెరగలేదు. పాకుడు మాత్రం పాత స్నేహితుడిలా తిరిగి వచ్చింది. బుడ్డీలు మళ్లీ ఆపాడు. పాకుడు మళ్లీ పోయింది. ఆనాడు ఆయన ఇచ్చిన తీర్పు నాకు కంఠస్థం: "ఎండు పొడి తప్ప దిక్కులేనోనికి రెండు చుక్కలు పనికొస్తయి. మంచి తిండి పెట్టెటోనికి గవి దండుగ. నీళ్లు ఖరాబు జేసుకునుడే."

కానీ తొట్టి సంగతి తేలితే దుకాణం సంగతి తేలినట్టే కదా. విత్తనాల రోజులు వచ్చాయి. దుకాణంలో ఇరవై మంది రైతులు, పక్కన టానిక్ కంపెనీ ఏజెంటు. యాకయ్య గదిలోకి తొంగిచూసి వచ్చి, అందరి ముందూ అడిగాడు: "సేటూ, రాళ్లు మస్తు పెరిగినయ్. బుడ్డీ పోస్తున్నవా?"

ఔనంటే సరిపోయేది. ఏజెంటు తల ఊపుతూనే ఉన్నాడు. బావ ఒకసారి ఏజెంటును, ఒకసారి తొట్టిగదిని చూశాడు.

"పోస్తలేను" అన్నాడు.

"మరి మా పత్తికి?"

"నీ చేన్ల పెంట మంచిగ పడ్డదా? నీళ్లు అందుతున్నయా? అయితే గిది వద్దు. ఇన్నేండ్లు నాకు తెల్వక ఇచ్చిన. తెలిసినంక ఇయ్య."

యాకయ్య గడ్డం గోక్కొని, "జర ముందుగాలే చేపలు సాదకపోతివి సేటూ" అన్నాడు. ఇరవై మంది నవ్విన నవ్వుకు పైకప్పు రేకులు లేచి ఎక్కడో ఉన్న తరిగొప్పుల ఊళ్లో పడ్డాయని నేను ఇదివరకే ఒకచోట రాశాను. ఏజెంటు నవ్వలేదు, మళ్లీ రాలేదు. టానిక్ బుడ్డీలు పెట్టే అర ఖాళీ అయింది. అందులో బావ తన సముద్రపు ఉప్పు సంచులు పెట్టుకున్నాడు. దుకాణం మూతపడుతుందని బజారంతా జోస్యం చెప్పింది. రైతులు మాత్రం ఇంకా దూరం నుంచి రావడం మొదలుపెట్టారు. వద్దు అనగలిగిన దుకాణం చూడాలని.

ఇది రాస్తున్న నేడు తొమ్మిదో రోజు. రాష్ట్రం ఇంకా రాలేదు. వచ్చిన నాడు తొట్టిలో గులాబీ పగడం పెడతానన్న బావ లేడు. అక్క అన్నం ముట్టడం లేదు. నిన్న ఒక చుట్టం బలానికని టానిక్ సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అప్పుడే తొట్టిగది వీధి తలుపు నుంచి యాకయ్య రొయ్యల డబ్బాతో వచ్చాడు. బావ పోయిన రోజు నుంచీ చేపలకు తిండి పెడుతున్నది ఆయనేనని అప్పుడే మాకు తెలిసింది. ఆ సీసా చూసి, "గిది సేటు చూస్తే పారబోస్తడు అక్కా" అన్నాడు.

అక్క ఆ సీసాను పక్కకు జరిపింది. తర్వాత లేచి, ఎన్నడూ అడుగుపెట్టని ఆ గదిలోకి పోయి, యాకయ్య చేతిలోని డబ్బా అందుకొని, ముఖం అటు తిప్పుకొని, చిటికెడు తొట్టిలో వేసింది. చేతులు మూడుసార్లు కడుక్కొని వచ్చి, "ఇంత బువ్వ పెట్టున్రి" అన్నది.

బావా, నీ గురించి నేను పెంచి రాయనిది, ఆనాడు దుకాణంలో నువ్వన్న ఆ "పోస్తలేను" ఒక్కటే. అంతటివాడివి మళ్లీ మాకు దొరకవు.