మట్టిపూసలకు బోణీ బేరం

నిజామాబాద్‌లో మాది గాజుల దుకాణం. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని నడక కంటే ముందే నేర్చుకున్నాను. డిగ్రీ చదువుతుండగా బోధన్ దగ్గర ఒక పాతకాలపు దిబ్బ తవ్వకాల్లో పనిచేశాను. ఆఖరి వారం, దొరికినవన్నీ ఊళ్లవాళ్లకు చూపించాలనుకున్నారు. మట్టిపూసల బల్ల నాకు అప్పగిస్తూ "ఒక్క పూస తగ్గినా నీకు సర్టిఫికెట్ ఉండదు" అన్నారు తవ్వకాలు నడిపించే మా సారు.

మొదటిరోజు అందరికంటే ముందు పక్కనున్న మోస్రా ఊరి అవ్వ ఒకామె వచ్చింది. "పోరీ, గీ పూసలు ఎంతకిస్తవ్?"

నా నోరు నన్ను అడగలేదు. "బోణీ బేరం అవ్వా, నువ్వే ఓ మాట చెప్పు" అంటూ ఒక పూసను కాగితంలో చుట్టడం కూడా మొదలుపెట్టాను.

వెనక సారు! "సర్కారు సొత్తు అమ్ముతున్నావా?"

సర్టిఫికెట్ సంగతి అటుంచి, నాకు పోలీసుఠాణా కనిపించింది.

అవ్వే అడ్డం వచ్చింది. "పోరిని బెదిరియ్యకు సారూ. గిసొంటివి మా చెరుకు చేన్ల దున్నినప్పుడల్లా ఎల్లుతయి. ధర తెలుసుకుందామని అడిగిన, అంతే."

సారు కోపం ఎటు పోయిందో! అవ్వకు కుర్చీ వేయించారు.

మర్నాడు అవ్వ తన చేనులో దొరికిన పూసల మూట తెచ్చింది. "పైసలియ్యం అవ్వా, నీ పేరు రాసి పెడతం" అన్నాను.

"నా పేరు, మా ఊరి పేరు, నా ఫోటో. లేకుంటే మూట కట్టేస్త."

మూడూ ఇచ్చాం. దుకాణంలో పుట్టి పెరిగిన నేను అంత నిండుగా ఓడిన బేరం మరొకటి లేదు. బల్ల మీద అవ్వ ఫోటో నవ్వుతూ ఉంటే, నెలరోజులు ఎండలో తవ్విన నా పేరు మాత్రం ఎక్కడా లేదు.