నాన్న కారు చక్రాల పుల్లలు

నాన్న కంటి ఆపరేషన్ చేయించుకుని మాన్విలో అక్క ఇంట్లో ఉన్నారు. వెళ్ళేముందు నాకు చెప్పింది ఒక్కటే.

"నేనొచ్చేదంక కారు చక్రాలు ముట్టకు."

ముట్టాను. ఆ పాత కారుకు సైకిల్‌కున్నట్టే పుల్లల చక్రాలు. నాన్న గుమాస్తాగా పనిచేసిన వకీలుగారు ఇచ్చిన బండి అది. పుల్లలన్నీ తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. ఆపరేషనై వచ్చే మనిషికి మొదట మెరిసే చక్రాలు కనబడాలని నా ఆశ.

నేనప్పుడు రాయచూరులో విలేకరిని. కృష్ణ ఒడ్డున బొగ్గు కరెంటు కేంద్రం కొత్తగా నడుస్తున్న రోజులు. అక్కడ పనిచేసే పక్కింటాయన అమ్మకు సంచిలో బూడిద తెచ్చిచ్చేవాడు. పొయ్యి బూడిద కంటే మెత్తన, గిన్నెలు తళతళలాడేవి. నాలుగు చక్రాలూ విప్పి, పుల్లలన్నీ ఒకే తొట్టిలో కిరసనాయిల్లో నానబెట్టాను. మూడు రోజులు అమ్మా నేనూ ఆ బూడిదతో తోమాం. తోమాక చూస్తే కొన్ని పొడుగు, కొన్ని పొట్టి; ఏది ఎక్కడిదో గుర్తులేదు. ప్రెస్సులో అచ్చక్షరాలను ఏ గడివి ఆ గడిలో వేయడం రోజూ చూసేవాణ్ణే, అయినా అన్నీ కలిపేశాను.

సైకిల్ మిస్త్రీని పిలిచాను. తొట్టిలోకి తొంగిచూశాడు.

"పప్పు, బియ్యం కలిపి పెట్టినవేంది సార్! మీ నాయనకు ఎరుకేనా?"

"ఎరుకైతే నన్ను ఇంట్ల ఉండనిస్తడా?"

"స్టెప్నీ గిట్ల విప్పలేదు కద?"

విప్పలేదు. బద్ధకం కొద్దీ వదిలేశాను. ఆ బద్ధకమే కాపాడింది.

"ఇగ పరవాలేదు" అంటూ మిస్త్రీ ఆ అయిదో చక్రాన్ని గోడకు ఆనించాడు. దాన్ని చూసుకుంటూ పొడుగువీ పొట్టివీ ఏరి, నాలుగూ బిగించాడు. చక్రం తిప్పుతూ పక్కన సుద్దముక్క పట్టేవాడు. సుద్ద అంటిన చోట వంకర. పుల్లలు సవరించి, మళ్ళీ తిప్పేవాడు. అది కుదిరాకే వెండిరంగు వేశాం.

నాన్న నల్లద్దాలు పెట్టుకుని ఇంటి ముందు రిక్షా దిగారు. ఎవరు చెప్పారో, తిన్నగా కారు దగ్గరికే నడిచారు.

"ఒక చెంచా తే."

కింద కూర్చుని ఒక్కొక్క పుల్లనే చెంచాతో కొట్టి విన్నారు. టింగ్, టింగ్. నేను, రంగు ఆరిందో లేదో చూడవచ్చిన మిస్త్రీ పక్కన నిలబడ్డాం. మూడో చక్రం దగ్గర చెంచా ఆగింది. అదే పుల్లను మళ్ళీ కొట్టారు. టప్పుమంది.

"ఇది వదులుంది."

మిస్త్రీ పావు చుట్టు బిగించాడు. నాన్న మళ్ళీ కొట్టారు. టింగ్. మిగతావన్నీ అదే పలుకు పలికాయి. చెంచా అమ్మకిచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచారు.

మిస్త్రీ ఉండబట్టలేకపోయాడు. "రంగు ఎట్లుంది, పెద్దసార్?"

"రంగు సంగతి డాక్టరు అద్దాలిచ్చినంక చూస్త" అని, జేబులోంచి చావి తీసి నా చేతిలో పెట్టారు. "ముట్టకంటే ముట్టినవు కద. నడుపు."

స్టేషన్ దాకా వెళ్ళి వచ్చాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చెవి బయటికి పెట్టే కూర్చున్నారు, ఒక్కసారీ ఆపమనలేదు.