ఇస్త్రీ అక్క కూతురి జుట్టు

ఆ వీధిలో ఇస్త్రీ అక్క అంటే బట్టలు ఇస్త్రీ చేసే మనిషి కాదు, జుట్టు ఇస్త్రీ చేసే మనిషి. పన్నెండేళ్లుగా రెండు కుర్చీల పార్లర్ నడుపుతోంది. ఎలాంటి జుట్టు వచ్చినా ఓర్చుకుంటుంది గానీ, ఇంట్లో ఉన్న ఒక్క తలతోనే ఆమెకు పడదు. అది కూతురిది. ఆ ఉంగరాల జుట్టు అచ్చం తండ్రిది. ఆ తండ్రి, పిల్లకు రెండేళ్లప్పుడు ఉప్పు తెస్తానని వెళ్లి ఇంతవరకు తేలేదు.

మనిషి ఎలాగూ పోయాడు, వాడి వంకీలు కూడా పోతే పీడ విరగడవుతుందని అక్క ఆశ. అందుకే ఆరునెలలకోసారి పిల్లను కుర్చీలో కూలేసి, క్రీము పూసి జుట్టు తిన్నగా సాగదీస్తుంది. మొదళ్లలో మళ్లీ వంకీలు కనిపించినప్పుడల్లా వాడే గుమ్మంలో నిలబడ్డట్టు ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఈసారికి పిల్లకు పదహారేళ్లు. మర్నాడు జీవశాస్త్రం పరీక్ష. తలకు క్రీము పట్టించుకుని, పుస్తకం పైకే చదువుతోంది.

"ప్రొటీన్ నిర్మాణంలో నాలుగు స్థాయిలు..."

"ఏంటే ఆ గోల?"

"నీ పనేనమ్మా. జుట్టంటే ప్రొటీనే. ముందు అమైనో ఆమ్లాలు పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి. ఆ దండ మెలి తిరుగుతుంది. మెలి తిరిగింది మళ్లీ మడత పడుతుంది. అలాంటివి కొన్ని కలిసి ఒకటైతే నాలుగోది."

పదో తరగతి గట్టెక్కని అక్కకు ఉన్నట్టుండి చదువు మీద శ్రద్ధ పుట్టింది. స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మరి నా క్రీము ఎందాకా పోతుంది?"

"దండకీ దండకీ మధ్య ముడులుంటాయి, వాటిని విప్పుతుంది. నువ్వు తిన్నగా సాగదీసి, రెండో మందుతో మళ్లీ ముడేస్తావు. అంతే."

"ఇంకాస్త ఘాటుది పూస్తే?"

"జుట్టు తయారయ్యేది కుదుట్లో అమ్మా. నువ్వు పూసేది పైన. కొత్తగా వచ్చేది మళ్లీ వంకీలతోనే వస్తుంది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

అలా ఎలా కుదురుతుందని అక్క వాదన పెట్టుకుంది. ఎవరి తల మీదా క్రీమును ఒక్క నిమిషం ఎక్కువ ఉంచని మనిషి, గడియారం సంగతే మరిచిపోయింది. కడిగేసరికి కుడివైపు పాయ ఊడి చేతికొచ్చింది.

"మొత్తం కత్తిరించెయ్," అంది పిల్ల.

అక్క ఏడుస్తూనే కత్తిరించింది. ఎక్కడా ఎగుడుదిగుడు రాలేదు. ఏడుపు ఏడుపే, పని పనే.

రెండు నెలలు తిరిగేసరికి తలంతా ఉంగరాలు.

"మళ్లీ వాడి వంకీలే!" అంటూ అక్క క్రీము డబ్బా మూత తీసింది.

పిల్ల ఆ డబ్బా లాక్కుని మూత పెట్టేసింది. "పుట్టినప్పట్నుంచీ నా తల మీదున్నాయి. ఇంకా ఆయనవేంటమ్మా? ఇవి నావి."

అక్క దువ్వెన అందుకుని పిల్ల వెనక్కి వెళ్లి నిలబడింది.

"పాపిడి ఏ వైపు తియ్యమంటావు?"

వచ్చిన ప్రతి మనిషినీ అడిగే ఆ మాట, కూతుర్ని అడగడం అదే మొదలు.